రెండేళ్ల బిడ్డకు మోషన్ గట్టిపడితే: పాలు తగ్గించాలా, పళ్లు పెట్టాలా, చోడి అంబలి తాగించాలా?

మా బాబుకి ఇరవై నెలలప్పుడు మొదలైంది. నాలుగు రోజులకోసారి, అదీ ఏడ్చి ఏడ్చి. గోడ మూలకు వెళ్లి, కాళ్లు రెండూ బిగించి, మునివేళ్ల మీద లేచి, ముఖం ఎర్రగా చేసుకుని నిలబడేవాడు. పాపం ముక్కుతున్నాడు అనుకునేవాళ్లం. వాడు ముక్కడం లేదనీ, వస్తున్నదాన్ని ఆపుకుంటున్నాడనీ నాకు తెలిసేసరికి నెల గడిచిపోయింది.

మేం ఉండేది శ్రీకాకుళంలో. అమ్మావాళ్లది విజయనగరం దగ్గర పల్లెటూరు. రెండు వైపుల నుంచీ సలహాలు వచ్చాయి. అత్తయ్య ఆముదం అన్నారు. అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు పట్టమంది. పక్కింటి అప్ప రోజూ బొప్పాయి పెట్టమంది. ఒకరు చోడి (రాగి) జావ తాగించమంటే, ఇంకొకరు చోడి వల్లే గట్టిపడుతోంది, మానెయ్యమన్నారు. నేను టెన్షన్‌లో అన్నీ ఒకే వారంలో చేశాను. ఏది పనిచేసిందో, ఏది కడుపు ఉబ్బించిందో తెలియలేదు. అలాంటి వారంలో ఉన్న తల్లిదండ్రుల కోసమే ఇది రాస్తున్నాను. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల సంగతే ఇక్కడ చెబుతున్నాను. ఏడాది లోపు బిడ్డయితే ఇందులోవి ప్రయత్నించకుండా నేరుగా డాక్టర్‌కి చూపించండి.

## ముందు ఇది మలబద్ధకమేనా?

ఈ వయసులో రోజుకు రెండు మూడుసార్లు వెళ్లే పిల్లలున్నారు, రెండు రోజులకోసారి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మెత్తగా, ఏడవకుండా వస్తుంటే రోజు తప్పినా కంగారు అక్కర్లేదు. వారానికి రెండుసార్లు లేదా అంతకంటే తక్కువ వెళ్లడం, మేకపెంటికల్లా గట్టిగా రావడం, బిడ్డ శరీరానికి మించిన లావుతో రావడం, నొప్పికి ఏడవడం, కాళ్లు బిగించి ఆపుకోవడం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తుంటే అప్పుడు మలబద్ధకం అనుకోవాలి.

ఎక్కువమంది పిల్లల్లో దీని వెనక జబ్బేమీ ఉండదు. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పెడుతుంది. ఆ నొప్పి గుర్తుండి బిడ్డ మళ్లీ వచ్చినప్పుడు ఆపుకుంటాడు. పెద్దపేగు పని నీళ్లు పీల్చుకోవడం కాబట్టి, మలం లోపల ఎంతసేపు ఉంటే అంత ఎండిపోతుంది. తర్వాతిసారి నొప్పి ఇంకా ఎక్కువ. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి. అందుకే ఒక్కసారి ఎలాగోలా బయటికి రప్పించడంతో పని అయిపోదు. వరుసగా కొన్ని వారాలు నొప్పి లేకుండా వస్తేనే బిడ్డకు ఆ భయం పోతుంది.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదట నేను పీచు ఎందులో ఎక్కువుందో ఒక్కటే చూశాను. అది చాలదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఈ వరుసలో చూడమంటాను.

మొదటిది, మనం చేసే మార్పు బిడ్డ కడుపులో వేరే తిండికి చోటు ఇస్తుందా, ఉన్న చోటు తినేస్తుందా. రెండోది, మలాన్ని మెత్తబరిచే గుణం. ఇందులో పీచు ఒక భాగం, నీరు ఒక భాగం, కొన్ని పళ్లలో ఉండే సార్బిటాల్ అనే తీపి పదార్థం ఇంకో భాగం. సార్బిటాల్ పేగులోకి నీళ్లు లాగుతుంది. మూడోది, ఈ బిడ్డ దాన్ని వారంలో ఐదు రోజులైనా తింటాడా. నాలుగోది, గొంతులో అడ్డం పడే భయం. ఐదోది, మన ఊళ్లో ఈ నెలలో దొరుకుతుందా, మన చేతికి అందే ధరలో ఉందా.

పీచుకి ఒక సులువైన పాత లెక్క ఉంది: బిడ్డ వయసుకు 5 కలిపితే వచ్చే గ్రాములు. రెండేళ్లకు 7 గ్రాములు. కొన్ని దేశాల లెక్కలు దీనికి రెట్టింపు పైనే చెబుతాయి. నాకు 7 చేరడమే పెద్ద పని అనిపించింది. ఎందుకంటే అప్పట్లో మా వాడి రోజు ఇలా ఉండేది: మూడు సీసాల పాలు, రెండు పూటలా పెరుగన్నం, పాలలో ముంచిన బిస్కెట్లు ఆరో ఏడో, కొంచెం పప్పుకట్టు. పాలలో పీచు సున్నా. వండిన తెల్ల అన్నంలో 100 గ్రాములకు ఒక గ్రాము కూడా ఉండదు. మైదా బిస్కెట్లలో పేరుకే. అన్నీ కలిపినా 2 గ్రాములు దాటదు.

## తగ్గించాల్సింది ముందు: పాలు, బిస్కెట్లు

ఈ ఎంపికల్లో దేనికి నా ఓటు అంటే దీనికే. ఖర్చు లేదు, పైగా డబ్బు మిగులుతుంది. కానీ ఇంట్లో ఒప్పించడం అన్నిటికంటే కష్టం. "పాలు తగ్గిస్తే గుంటడు చిక్కిపోతాడు" అనే మాట నేను వందసార్లు విన్నాను.

లెక్క చూడండి. ఈ వయసు బిడ్డకు రోజుకు సుమారు 1000 కేలరీలు కావాలి. 700 మిల్లీలీటర్ల ఆవుపాలలో దాదాపు 450 కేలరీలు ఉంటాయి. మన దగ్గర చాలా ఇళ్లలో వాడేది గేదె పాలు, వాటిలో ఇంకా చాలా ఎక్కువ. అంటే బిడ్డ ఆకలి సగానికి పైగా పాలతోనే తీరిపోతోంది. ఇక కూర ఎందుకు తింటాడు, పండు ఎందుకు తింటాడు? మనం "వీడు ఏమీ తినడు, పాలైనా తాగనీ" అని ఇంకో సీసా కలుపుతాం. పాలు ఎక్కువై తిండి తగ్గితే రక్తహీనత కూడా వస్తుంది, ఎందుకంటే పాలలో ఐరన్ బాగా తక్కువ.

ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 350 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. పెరుగు, మజ్జిగ కూడా ఈ లెక్కలోకే వస్తాయని మరిచిపోకండి. తల్లిపాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపాల్సిన పని లేదు. ఇక్కడ తగ్గించమంటున్నది పైపాలనే.

మేం చేసింది ఇది: ముందు సీసా తీసేసి స్టీలు గ్లాసులోకి మార్చాం. సీసాలో అయితే నిద్రమత్తులో ఎంత పట్టామో మనకే తెలియదు. తర్వాత రాత్రి పాలు, ఆ తర్వాత పొద్దున లేవగానే పట్టే పాలు తగ్గించాం. పది రోజులు పట్టింది. మొదటి మూడు రాత్రులు ఏడుపే. నాలుగో రోజు మధ్యాహ్నం తోటకూర పప్పన్నం పళ్లెం ఖాళీ చేశాడు. అత్తయ్య ఆ పళ్లెం చూశాక ఇక పాల మాట ఎత్తలేదు.

కొద్దిమంది పిల్లల్లో పాల పరిమాణం మామూలుగా ఉన్నా ఆవుపాల ప్రోటీనే పడకపోవచ్చు. 1998లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 65 మంది పిల్లలకు ఆవుపాలు ఆపి సోయా పాలు ఇస్తే 44 మందిలో మలబద్ధకం తగ్గింది. అయితే వాళ్లు మామూలు మందులకు లొంగని, ప్రత్యేక క్లినిక్‌కి వచ్చిన పిల్లలు. మన ఇంట్లో బిడ్డకు అదే కారణమని అనుకోవద్దు. పాలు పూర్తిగా మాన్పించి చూడాలంటే డాక్టర్‌తో మాట్లాడి, రెండు నుంచి నాలుగు వారాల గడువు పెట్టుకుని చూడాలి. సొంతంగా నెలల తరబడి మాన్పిస్తే కాల్షియం లోటు వస్తుంది.

బిస్కెట్లు, రస్కులు, టీ గురించి ఒక్క మాట. పొద్దున్నే పెద్దవాళ్లతో పాటు పిల్లల చేతికీ టీలో ముంచిన రస్కు ఇవ్వడం మన పల్లెల్లో మామూలే. టీ తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, రస్కు ఆకలి చంపేస్తుంది. రెండూ ఆపండి.

## పళ్లలో ఏది?

ఇక చేర్చాల్సిన వాటికి వద్దాం. వీటిలో పిల్లలు సులువుగా ఒప్పుకునేవి పళ్లే. కింద ఇచ్చిన పీచు అంకెలు సుమారువి. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

| పండు | 100 గ్రాముల్లో పీచు | మన దగ్గర కాలం | జాగ్రత్త |
|---|---|---|---|
| జామ | 5 గ్రాములు, ఆ పైన | వానాకాలం, ముఖ్యంగా చలికాలం | గింజలు తీసి, మెత్తగా చేసి |
| సపోటా | 5 గ్రాములు, ఆ పైన | చలికాలం నుంచి వేసవి మొదలు | బాగా మాగినదే. గింజ తీయాలి |
| సీతాఫలం | 4 నుంచి 5 | దసరా ముందూ వెనకా | గింజ గొంతులో పడే ప్రమాదం చాలా ఎక్కువ |
| అరటి (మచ్చలు పడినది) | 2 నుంచి 2.5 | ఏడాదంతా | పచ్చిగా ఉన్నది వద్దు |
| బొప్పాయి | 2 నుంచి 3 | ఏడాదంతా | దాదాపు ఏమీ లేదు |
| ఎండుద్రాక్ష | సుమారు 4 | ఏడాదంతా | నానబెట్టి, మెదిపి మాత్రమే |

పట్టిక చూస్తే జామ, సపోటా గెలిచినట్టు కనిపిస్తాయి. నేనైతే బొప్పాయితో మొదలుపెట్టమంటాను. పీచు తక్కువే, కానీ నీరు ఎక్కువ, నోట్లో కరిగిపోతుంది, పళ్లు పూర్తిగా రాని బిడ్డ కూడా తింటుంది, ఏ నెలలోనైనా రైతు బజార్‌లో ఉంటుంది. రోజూ చిన్న గిన్నెడు తినే పండు, వారానికోసారి తినే పండు కంటే మేలు. ఇక "బొప్పాయి వేడి చేస్తుంది" అని భయపడేవాళ్లకు నా అనుభవం చెబుతాను: మా వాడు రెండు నెలలు రోజూ తిన్నాడు, ఏ ఇబ్బందీ రాలేదు.

జామ మీద పేచీలు ఎక్కువ. "గింజలు పేరుకుపోయి ఇంకా బిగుస్తుంది" అంటారు. గింజలతో సహా ఎక్కువగా తినేస్తే చిన్నపిల్లల్లో ఇబ్బంది రావచ్చు, కాబట్టి ఆ మాటను కొట్టిపారెయ్యను. పండిన జామను కోసి, మధ్యలో గింజల గుజ్జు తీసేసి, చుట్టూ ఉన్న కండను చెంచాతో గీకి పెట్టండి. దోర జామ వగరు, అది వద్దు. అర పండు కండతోనే 2 గ్రాముల పీచు, దాంతో పాటు బోలెడు విటమిన్ సి వస్తాయి. పప్పు, ఆకుకూరల్లో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి ఈ విటమిన్ సి సాయం చేస్తుంది. అందుకే నేను జామను మధ్యాహ్నం భోజనం వెంటనే పెట్టేదాన్ని.

అరటి పండు కట్టేస్తుందా, విప్పేస్తుందా అనేది పండును బట్టి ఉంటుంది. పచ్చిగా, కొనలు ఆకుపచ్చగా ఉన్న పండులో అరగని పిండి ఎక్కువ. విరేచనాలు పట్టిన పిల్లలకు పచ్చరటి ఉడికించి పెట్టేది అందుకే. తొక్క మీద గోధుమ రంగు మచ్చలు పడ్డ పండు వేరే సంగతి, అది మెత్తగా, సులువుగా అరుగుతుంది. బండి మీద నుంచి తెచ్చిన రోజే తినిపించకుండా ఒకటి రెండు రోజులు ఆగండి.

సీతాఫలం రుచికి పిల్లలు పడి చస్తారు. సీతంపేట వైపు నుంచి పళ్లు దిగే రోజుల్లో మన సంతలన్నీ ఆ వాసనే. పీచు కూడా బాగుంది. కానీ ఒక్కో గింజ చుట్టూ ఉన్న గుజ్జు విడదీసి పెట్టే ఓపిక మీకు ఉన్న రోజునే పెట్టండి. పండును బిడ్డ చేతికి ఇచ్చి వంటింట్లోకి వెళ్లకండి.

ఎండుద్రాక్ష విషయంలో అమ్మ మాటే నిజమైంది, కొంచెం సవరణతో. రాత్రి పది పన్నెండు ద్రాక్షలు కడిగి నానబెట్టి, పొద్దున నీళ్లు వంపి తాగిస్తే సరిపోదు. పీచంతా గిన్నెలో మిగిలిన ద్రాక్షలోనే ఉంటుంది. అదే నీళ్లతో మెత్తగా మెదిపి, పెద్ద తొక్కలుంటే తీసేసి, ఆ గుజ్జును చెంచాతో పెట్టాలి. పళ్లకు అతుక్కుంటుంది కాబట్టి తర్వాత నీళ్లు తాగించండి. విడి ద్రాక్ష నాలుగేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. పలాస నుంచి చుట్టాలు తెచ్చే జీడిపప్పుకీ ఇదే మాట: పలుకుగా వద్దు, మలబద్ధకానికి అదేమీ చేయదు కూడా.

సార్బిటాల్ బాగా ఉండే పళ్లు ఎండు ఆల్‌బుకరా (ప్రూన్స్), బేరిపండు (పియర్). ఎండు ఆల్‌బుకరా మన ఊళ్లలో పెద్ద షాపుల్లోనే దొరుకుతుంది, ఖరీదు. మామూలు పళ్లతో రెండు వారాలైనా మార్పు లేకపోతే అప్పుడు చిన్న పాకెట్ కొని, రోజుకు ఒకటి రెండు నానబెట్టి మెదిపి చూడండి. జ్యూస్ చేయాలని అనిపిస్తే రోజుకు 120 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. పండు పండుగా పెడితేనే పీచు దక్కుతుంది.

మామిడి, పనస కాలంలో అవి పెట్టొచ్చు. పనసతొన జారుతుంది, నార ఉంటుంది, సన్నగా తరిగి పెట్టాలి. తాటి ముంజలు ఎండల్లో ఒంటికి నీళ్లు ఇస్తాయి, పై తోలు తీసి చిదిపి పెట్టండి.

## చోడి, గోధుమ రవ్వ, తెల్ల అన్నం, బాలామృతం

చోళ్ల గురించి రెండు వైపులా ఎందుకు వాదిస్తారో నాకు చాలా రోజులకు అర్థమైంది. గింజగా చూస్తే చోళ్లలో 100 గ్రాములకు 11 గ్రాముల దాకా పీచు ఉంటుంది, బియ్యం కంటే ఎన్నో రెట్లు. కానీ బిడ్డ కప్పులోకి వెళ్లేది ఎంత? రెండు చెంచాల పిండి, అంటే 10 గ్రాముల పైచిలుకు. పీచు ఒక గ్రాము. అదే పిండిని మొలకగట్టి, వస్త్రగాళితం పట్టి, తవుడు పారేసి చేస్తే అది కూడా రాదు. దానికి గ్లాసు పాలు, పంచదార కలిపితే చోడి పేరుతో ఇంకో గ్లాసు పాలు పట్టినట్టే. అలా తాగించే ఇళ్లలో "చోడి వల్ల గట్టిపడింది" అంటారు. వాళ్లు చూసింది నిజమే, తప్పు చోడిది కాదు.

నీళ్లతో కాచిన అంబలి, మజ్జిగ కొంచెం, చిటికెడు ఉప్పు: ఇలా అయితే మంచి ఎంపిక. ఇంకా మేలైనది గట్టి తిండిగా పెట్టడం. మెత్తటి చోడి అట్టు, లేదా చిన్న సంకటి ముద్ద పప్పుతో. జల్లెడ పట్టని మరపిండి వాడండి. గంటి (సజ్జ) అంబలికి కూడా ఇదే మాట.

గోధుమ రవ్వ ఉప్మా పొద్దున పూటకు బాగుంటుంది, క్యారెట్ తురుము, ఆనపకాయ తురుము కలిపితే ఒకే గిన్నెలో రెండు పనులు. బొంబాయి రవ్వ అలా కాదు, అది పీచు తీసేసిన గోధుమే.

తెల్ల అన్నాన్ని మాన్పించాలనుకోకండి. మన ఇళ్లలో అది జరిగే పని కాదు, అవసరమూ లేదు. అన్నంలో కలిపేది మారిస్తే చాలు. పెరుగన్నం రెండు పూటలా ఉంటే ఒక పూట పప్పన్నం చెయ్యండి.

అంగన్‌వాడీ నుంచి వచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార ఉంటాయి. బరువు తక్కువున్న బిడ్డకు అది బలమైన తిండి, పారేయకండి. పాలతో కలపకుండా నీళ్లతో కలిపి, మీద అరటిపండు మెదిపి వెయ్యండి.

## పప్పు, ఆకుకూర, దుంప

పప్పుకట్టుకీ పప్పుకీ చాలా తేడా. పైన తేలిన నీళ్లు అన్నంలో కలిపి పప్పు పెట్టాం అనుకుంటాం, పీచు అడుగున ముద్దలో ఉండిపోతుంది. ముద్దపప్పు పెట్టండి. పొట్టు పెసరపప్పు అయితే ఇంకా మంచిది. తోటకూర, బచ్చలికూర ఈ పప్పులోనే మెత్తగా ఉడికించి మెదిపితే, ఆకు కనిపిస్తే ఉమ్మేసే పిల్లలు కూడా తినేస్తారు. మునగాకు పొడి అర చెంచా వేసినా చాలు. గోంగూర పుల్లగా ఉండి కొందరికి నచ్చుతుంది.

ఆనపకాయ, బీరకాయ, బెండకాయ మెత్తటివి, నీరున్నవి. పండక్కి ఇంట్లో చేసే కందబచ్చలి కూరలో కంద ముక్క మెదిపి పెట్టొచ్చు. చిలగడదుంప నాకు బాగా పనికొచ్చింది. ఉడికించి, నెయ్యి రాసి, చేతికిస్తే వాడే పట్టుకుని తినేవాడు. శివరాత్రి ముందు రోజుల్లో చవగ్గా దొరుకుతాయి. బంగాళదుంప దీనికి బదులు కాదు.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పప్పు, ఆకుకూర, పండు అన్నీ ఒకేరోజు పెంచేస్తే కడుపు ఉబ్బి గ్యాస్‌తో ఏడుస్తారు. మూడు నాలుగు రోజులకు ఒకటి చొప్పున చేర్చండి.

## నీళ్లు, నెయ్యి

నీళ్లు తాగని బిడ్డకు పీచు పెంచితే మలం ఇంకా గట్టిపడొచ్చు. ఈ వయసుకు తిండిలోని నీరు, పాలు అన్నీ కలిపి రోజుకు 1.3 లీటర్ల ద్రవం కావాలి. సరిపడా తాగుతున్న బిడ్డకు ఇంకా ఇంకా పట్టినందువల్ల అదనపు లాభం లేదు. మూత్రం లేత రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్టే. మన సముద్రపు ఉక్కలో చెమట బాగా పోతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఒక గ్లాసు ఎక్కువ అలవాటు చెయ్యండి. కొబ్బరి బొండం మంచిదే, కానీ అది నీళ్లలాంటిదే, మందు కాదు.

నెయ్యి అన్నంలో చెంచాడు వేస్తే రుచి, బలం. దాంతో మలం మెత్తబడుతుందని మూడు చెంచాలు వేసి మిగతావన్నీ వదిలేయకండి.

## ఆముదం, సబ్బు ముక్క, తమలపాకు కాడ

అత్తయ్యను నేను తప్పు పట్టను. ఆవిడ ముగ్గురు పిల్లల్ని అలాగే పెంచారు, ప్రేమతోనే చెప్పారు. అయినా వద్దన్నాను, కారణాలు చెప్పి మరీ. ఆముదం పేగును రేపి, మెలిపెట్టి బయటికి తోస్తుంది. కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు వస్తాయి. ముక్కు మూసి బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా రావచ్చు. సబ్బు ముక్క లోపలి మెత్తటి పొరను మండిస్తుంది. తమలపాకు కాడ గీసుకుని పుండు పడితే నొప్పి భయం రెట్టింపవుతుంది. ఈ మూడింటిలో ఏదైనా ఆ రోజుకు పని జరిపించవచ్చు, కానీ బిడ్డ "అక్కడ ముట్టుకుంటే నొప్పి" అని నేర్చుకుంటుంది, రేపటి నుంచి ఇంకా బిగబడుతుంది.

ఇసబ్గోల్ (నీళ్లలో కలిపి తాగే పీచు పొట్టు) పెద్దవాళ్లది. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బుతుంది. డాక్టర్ చెప్పకుండా చిన్నపిల్లలకు వద్దు.

## తిండి చాలని సందర్భం

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, మీరు ముందే తెలుసుకోవాలి. లోపల గట్టిగా గడ్డకట్టి ఉన్నప్పుడు దాని వెనక పీచు చేరిస్తే ఉబ్బరమే మిగులుతుంది. ముందు ఆ అడ్డం తీయాలి, దానికి మందు కావాలి. యూరప్, అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పిల్లలకు మామూలుగా కావాల్సినంత పీచు, నీళ్లు ఉండాలని చెప్పారు. అంతకు మించి పీచు పెంచితే జబ్బు నయమవుతుందని చెప్పలేదు. మందుగా మొదటి ఎంపిక పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, అది లేకపోతే లాక్ట్యులోజ్ సిరప్. మన పిల్లల డాక్టర్లు రాసేవీ ఇవే. ఇవి మలంలో నీళ్లు నిలిపి మెత్తబరుస్తాయి. "అలవాటైపోతుంది" అని భయపడి నాలుగో రోజే ఆపేయడం పెద్ద పొరపాటు. అదే మార్గదర్శకాల ప్రకారం కనీసం రెండు నెలలు వాడాలి, బాధలన్నీ పోయి నెల గడిచాక మెల్లగా తగ్గించాలి. డోసు మాత్రం డాక్టర్‌దే.

ఇంకొకటి. బిడ్డ రోజూ చడ్డీలో కొంచెం కొంచెం పలచగా పాడుచేస్తుంటే విరేచనాలు అనుకుని అరటికాయ పెట్టేస్తాం. అది గట్టి మలం పక్కనుంచి కారుతున్నది కావచ్చు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా తిండి ప్రయోగాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి: పుట్టాక మొదటి మలం 48 గంటల తర్వాత రావడం, నెల లోపే మలబద్ధకం మొదలవడం, ఆకుపచ్చ రంగు వాంతులు, కడుపు ఉబ్బి జ్వరం, బరువు పెరగకపోవడం, రిబ్బన్‌లా సన్నగా రావడం, కాళ్లలో బలం లేకపోవడం, రక్తం ఎక్కువగా పడటం.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

పల్లెలో, పెద్దవాళ్లు చూసుకునే బిడ్డ. మీకు పెరట్లో ములగ, బొప్పాయి, జామ ఉంటాయి. ఖర్చు సమస్య లేదు. మీ పని అంతా పాల గ్లాసు, రస్కుల మీదే. నాయనమ్మకు "పాలు ఆపండి" అనకండి, "పాలకు బదులు ఈ గిన్నెడు పండు మీ చేత్తో పెట్టండి" అని చెప్పండి. ప్రేమతో పెట్టడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, బిడ్డను వేరేవాళ్ల దగ్గర దింపే ఇల్లు. రోజుకు మూడు రకాలు చేయలేరు. ఉదయం గోధుమ రవ్వ ఉప్మా, డబ్బాలో మెదిపిన బొప్పాయి, రాత్రి ఆకుకూర పప్పన్నం. ఈ మూడే వారమంతా తిప్పండి. చూసుకునే ఆవిడకు పాలు ఎంత పట్టాలో కొలిచి ఇచ్చి వెళ్లండి.

ఏదీ తినని బిడ్డ. ఒక్క పండు, ఒక్క దుంప ఎంచుకోండి. అవి అలవాటయ్యే దాకా మూడోది వద్దు. పాలు మాత్రం మొదటి రోజు నుంచే తగ్గించాలి. ఆకలి లేకపోతే ఏ రుచీ పనిచేయదు.

ఐరన్ సిరప్ వేస్తున్న బిడ్డ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటర్ చొప్పున ఇచ్చే సిరప్ డోసు తక్కువే. మలం నల్లగా రావడం మామూలు. కొందరికి కొంచెం గట్టిపడొచ్చు. సొంతంగా ఆపకండి, ఆశా అక్కను లేదా డాక్టర్‌ను అడగండి.

అప్పటికే భయం పట్టిన బిడ్డ. టాయిలెట్ అలవాటు చేయడం కొన్ని వారాలు వాయిదా వెయ్యండి. డైపర్‌లో వెళ్తే వెళ్లనివ్వండి. ఏమైనా తిన్నాక పేగు సహజంగా కదులుతుంది, కాబట్టి భోజనం అయిన పావుగంటకు ఐదు నిమిషాలు గొంతుక్కూర్చోబెట్టండి. కుర్చీ మీదైతే పాదాల కింద పీట వెయ్యాలి, కాళ్లు గాలిలో వేలాడితే తోయడానికి బలం రాదు. రాకపోతే లేపేయండి, తిట్టొద్దు.

రెండు వారాలు ఇలా చేసినా మార్పు కనిపించకపోతే, లేదా ఈలోపే నొప్పి పెరిగితే, డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని రోజులకోసారి వెళ్తోంది, ఎలా ఉంటోంది, రోజుకు పాలు ఎన్ని మిల్లీలీటర్లు, ఏమేం తింటోంది, ఇంట్లో ఏమేం ప్రయత్నించారు, ఆముదం పోసి ఉంటే అది కూడా. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పాలు ఎంత తాగుతాడని అడిగితే "మామూలుగానే" అన్నాను. రెండోసారి కాగితం తీసుకెళ్లాను. అందులో 750 అని ఉంది.